బండి ఉన్నకాడే మా ఊరు

సముద్రం చూడడానికి గుర్రాన్ని వెంటబెట్టుకుని పోయిన సంసారం బద్వేలు చుట్టుపక్కల మాదొక్కటేనని నా నమ్మకం. ఈ మాట చెబితే మా మనవళ్ళు నవ్వుతారు. నవ్వనీ. పొద్దున రైలెక్కి పోయి, అలల ముందు నిలబడి ఫోటో దిగి, మర్నాటికి ఇల్లు చేరేవాళ్ళకు మా ప్రయాణం సంగతి ఏం తెలుస్తుంది?

కర్నూలు మనకు రాజధానిగా ఉండిన రోజులవి. మాది కడప జిల్లాలో, ఏ రాజధానికీ పట్టని మెట్ట పల్లె. ఆ ఏడు వాన అదనుకు పడింది. వేరుశెనగ విరగకాసింది. మా నాయన తల్లిని మేము జేజి అంటాం. మాఘ పౌర్ణమికి సముద్ర స్నానం చెయ్యాలని జేజికి ఎప్పటినుంచో కోరిక. ఏటా ఏదో ఒకటి అడ్డం వచ్చేది. ఆ ఏడు ఎవరికీ సాకు దొరకలేదు.

"పంట ఇంటికొచ్చింది. సముద్రం ఇంటికి రాదు గదా. మనమే పోదాం పాండి" అంది జేజి.

నెల్లూరికి బస్సు లేక కాదు. జేజి బస్సెక్కదు. ఆ వాసనకే ఆమెకు కడుపులో తిప్పుతుంది. అందుకని గూడు బండి కట్టారు. ఎద్దులు తోలడానికి చిన్నాయన, బండిలో జేజి, అమ్మ, నేను, తమ్ముడు. నాయన గుర్రం మీద. అంత దూరం గుర్రమెందుకని ఎవరో అడిగితే, "అది లేకుంటే మా వాడికి కాళ్ళు లేవప్పా" అని జేజే జవాబు చెప్పింది.

ఆ గుర్రం గురించి చెప్పకుండా మా అమ్మ గురించి చెప్పలేను. అమ్మ పుట్టిల్లు నల్లమల పక్కనుండే ఆత్మకూరు. ఆమె తండ్రి గుర్రాలు పెంచేవాడు. మగపిల్లలు లేని ఇల్లు కావడంతో గుర్రాలను నీళ్ళకు తోలుకుపోవడం, తిప్పడం, మాలిష్ చెయ్యడం అన్నీ అమ్మే చూసేది. పావడా కట్టే వయసుకే జీను లేని గుర్రం మీద అడవి అంచుదాకా పోయి వచ్చేదట. ఆ సంగతి పెండ్లి చూపుల్లో ఎవరూ చెప్పలేదు. పెండ్లయినాక తెలిసింది.

తెలిసినాక జేజి ఊరుకుంటుందా? కొత్తకోడలిగా అమ్మ మా ఊరికొచ్చిన రోజు, పొలిమేర రాయి దగ్గర బండి ఆపి టెంకాయ కొట్టించింది. ఆ రాయి మీద అమ్మ చెయ్యి పెట్టించింది. "ఈ పొలిమేర లోపల గుర్రమెక్కనని చెప్పు మే. మగోళ్ళు నడిచిపోతాంటే కోడలు గుర్రం మీద పోతాదా? ఊరు నవ్వదా?" అంది. అమ్మ చెప్పింది. చెప్పిన మాట తప్పలేదు కూడా. నేను పుట్టినప్పుడు ఆత్మకూరు తాత అల్లునికి ఒక ఆడ గుర్రప్పిల్లను పెట్టాడు. అమ్మ చిన్నప్పుడు ఎక్కి తిరిగిన గుర్రానికి పుట్టిన పిల్ల అది. దానికి ఉలవలు ఉడకబెట్టేది అమ్మ. ఒళ్ళు తోమేది అమ్మ. దాని చెవిలో గంటల తరబడి ఏదో చెప్పేది కూడా అమ్మే. ఎక్కేది మాత్రం నాయన. జేజి ఆ గుర్రాన్ని గుర్రమని ఎన్నడూ అనలేదు. "ఏం మే, మీ చెల్లెలికి మేతేసినావా?" అనేది.

అమ్మ కోరిక ఏమిటో ఇంట్లో అందరికీ తెలుసు. మళ్ళీ ఒక్కసారి గుర్రమెక్కాలి. ఆమె నోరు తెరిచి ఎన్నడూ అడగలేదు. నాయన గుర్రం మీద పొలానికి పోతుంటే వాకిట్లో నిలబడి చూసే ఆ చూపే అడిగేది.

బయలుదేరిన రోజు పొద్దున్నే బండి మా పొలిమేర రాయి దాటింది. అమ్మ వెనక్కి తిరిగి రాయిని చూసింది. ఆపైన మెల్లగా అంది:

"పొలిమేర దాటినాం అత్తా."

జేజి ఆకు వక్క దంచుకుంటా ఉంది. తల ఎత్తలేదు. "దాటితే?"

"ఏం లే. దాటినాం అంటాండా."

"నువ్వు యాడికొస్తాండావో నాకు తెలుసు మే. మన బండి యాడుంటే ఆడే మన ఊరు. బండి ఉన్నంత మేర మన పొలిమేరే."

ఇక ఆ మాటకు తిరుగులేదు. గుర్రం మీద నాయన కొంచెం నవ్వాడు, కానీ తల్లికి ఎదురు చెప్పలేదు. మా నాయన ఊళ్ళో పంచాయితీలు చేసేవాడు. ఇంట్లో మాత్రం జేజిదే పంచాయితీ.

వెలికొండల కనుమ ఎక్కి దిగాము. పగలు నడక, పొద్దు వాలితే ఏదో ఒక ఊరి సత్రంలో మకాం. వేరుశెనగ ఉండలు, కొర్రన్నం, ఊరగాయ. దారిలో ఒక పెద్ద ఊరొచ్చింది. ఏ ఊరని చిన్నాయన అడిగితే "ఆత్మకూరు" అన్నారు. మా తమ్ముడు బండిలోంచి దూకి "తాతిల్లు యాడుండాది? తాతిల్లు!" అని వీధిలో పరుగు తీశాడు. అది నెల్లూరు ఆత్మకూరని, మన ఆత్మకూరు కాదని వాడికి నచ్చజెప్పడానికి ఊరంతా ఒకటైంది. ఒకాయన అయితే వాణ్ణి ఎత్తుకుని ఇల్లిల్లూ చూపించాడు, మీ తాత ఎవరో నువ్వే చెప్పప్పా అంటా. అమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి, గుర్రం మెడ నిమురుతా, "నువ్వు కూడా మన ఊరే అనుకున్నావా?" అని అడిగింది దాన్ని. ఆపైన ఆ పూటంతా బండెక్కకుండా గుర్రం పక్కనే నడిచింది.

నెల్లూరు దాటినాక నేల మారిపోయింది. ఎటు చూసినా వరిమళ్ళు. కాలువల నిండా నీళ్ళు. మా చిన్నాయనకు ఒళ్ళు మండింది. "ఈళ్ళకు నీళ్ళంటే లెక్కే లేదప్పా, దోవ మీదికి కూడా వదిలేస్తాండారు" అని ఎవరో దోచుకుపోయినట్టు మాట్లాడాడు. ఎద్దులు మాత్రం కనిపించిన ప్రతి కాలువ దగ్గరా ఆగిపోయాయి.

పౌర్ణమి ఇంకా మర్నాడనగా, మధ్యాహ్నం వాలే వేళకు మైపాడు చేరాము. ఊరు దాటి కొంత దూరం పోయాక దారి ఇసకలో కలిసిపోయింది. చక్రాలు దిగబడ్డాయి. ఎద్దులు రొప్పుతున్నాయి. ఒక ఇసక దిబ్బ ఎక్కేసరికి కనిపించింది సముద్రం.

జేజి బండిలోంచే రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. నాకు భయమేసింది. నీళ్ళంటే మాకు బావిలో అడుగున ఉండేవి, పెన్నలో ఇసక తవ్వితే ఊరేవి. ఇట్లా ఆకాశం దాకా పోయి నిలబడిన నీళ్ళను ఏం చెయ్యాలో మాకు తెలియదు.

ఏం చెయ్యాలో తెలియని వాళ్ళు ఏం చేస్తారు? తెలిసిందే చేస్తారు. చక్రం లేవాలంటే బండి బరువు తగ్గాలి. బండి కింద పెద్ద కడవలో నీళ్ళున్నాయి, ఇంటి దగ్గర నుంచీ ఎక్కడికక్కడ నింపుకుంటూ వచ్చినవి. "సముద్రం ముందర పెట్టుకొని కడవెడు నీళ్ళు మోసేదేంది!" అన్నాడు చిన్నాయన. అందరికీ ఆ మాట సబబుగానే తోచింది. జేజి కాళ్ళు కడుక్కుంది. తమ్ముడు తల తడుపుకున్నాడు. మిగిలినవి చిన్నాయన గుమ్మరించేశాడు, పెండ్లిలో పన్నీరు చల్లినంత సంబరంగా.

సముద్రం నీళ్ళు ఉప్పని మాకు తెలియక కాదు. ఉప్పు ఎక్కడినుంచి వస్తుందో మా తమ్ముడు కూడా చెబుతాడు. కానీ తెలియడం వేరు, కండ్లెదురుగా అన్ని నీళ్ళు కనిపించడం వేరు. నీళ్ళు లేని సీమలో పుట్టిన వాళ్ళు తప్ప ఇంకెవరూ ఆ తప్పు చెయ్యలేరని ఇప్పటికీ అంటాను.

మాకింకో అలవాటు ఉంది. నీళ్ళు కనిపిస్తే ముందు గొడ్డుకు తాపాలి, గొడ్డు తాగినాకే మనిషి. కాలువల్లోని బురద నీళ్ళు నచ్చక గుర్రం పొద్దుటినుంచి నీళ్ళు ముట్టలేదు. నాయన దాన్ని నేరుగా సముద్రంలోకి తోలాడు. అది ఆశగా మూతి వంచి ఒక్క గుక్క తాగింది. తాగి, తల విదిలించి, నాయన వైపు తిరిగి చూసింది. అంతలో ఒక అల దాని మోకాళ్ళను కొట్టింది. మా గుర్రం నీళ్ళ మీదికి పోవడమే గానీ, నీళ్ళు తన మీదికి రావడం ఎన్నడూ ఎరగదు. ముందుకాళ్ళు ఎత్తింది. నాయన నీళ్ళలో పడ్డాడు. గుర్రం ఒడ్డెమ్మటి పారిపోయింది.

చిన్నాయన అన్నను లేవనెత్తేలోపల అమ్మ పరిగెత్తింది. చీర మోకాళ్ళ దాకా తడిసింది. దూరంగా నిలబడి నోట్లో నాలుకతో టక్ టక్ మని శబ్దం చేసి, "హోయ్" అని పొడుగ్గా కేకేసింది. ఆ కేక మేము ఎన్నడూ వినలేదు. ఆత్మకూరులో నేర్చుకున్న కేక. మా ఊళ్ళో ఇన్నేండ్లూ ఎక్కడ దాచుకుందో! గుర్రం ఆగింది. చెవులు నిక్కబొడిచింది. నాలుగడుగులు వేసి వచ్చి అమ్మ భుజం మీద మూతి పెట్టింది.

నాయన చీలమండ బెణికింది. చూస్తుండగానే లావుగా వాచింది. అటుగా వల భుజాన వేసుకుని పోతున్న ఒకామె ఆగి మమ్మల్నీ, ఖాళీ కడవనూ చూసింది.

"ఏంది సామీ, గుర్రానికి సముద్రం తాపతారా? అదో, ఆ సరుగుడు తోపు ఆ పక్క దొరువుండాది. ఆడికి తోలకపొండి" అంది.

దొరువంటే ఏమిటో మాకు తెలియలేదు. ఇసకలో తవ్విన గుంటట, తియ్యటి నీళ్ళు ఊరతాయట. "చెలమ అని చెప్పరాదా తల్లీ" అంది జేజి ప్రాణం లేచొచ్చి. ఆమె అటు పోగానే జేజి మా వాళ్ళ వైపు తిరిగింది. "ఏరు దాటి తెప్ప తగలేసేటోళ్ళను చూసినా. ఏరు చూసి తెప్ప తగలేసినోళ్ళను ఇప్పుడే చూస్తాండా." తాను కాళ్ళు కడుక్కున్న సంగతి ఎవరూ గుర్తు చెయ్యలేదు.

తోపు చాలా దూరంగా ఉంది. గుర్రాన్ని ఎవరు తీసుకుపోవాలి? చిన్నాయన పోయి కళ్ళెం పట్టుకోబోతే పళ్ళు చూపించింది. ఆయన ఎద్దుల మనిషి, గుర్రానికీ ఆయనకీ మొదటినుంచీ పొసగదు. నాయన లేవలేడు. అమ్మే కళ్ళెం పట్టుకుని నడిపించుకుంటూ బయలుదేరింది. అల వచ్చినప్పుడల్లా గుర్రం బెదిరి పక్కకు లాగేది. అమ్మ ఇసకలో తూలేది. మళ్ళీ నిలదొక్కుకునేది. ఎక్కితే అది బెదరదు, ఆ సంగతి ఆమెకూ తెలుసు, మాకూ తెలుసు. అయినా ఎక్కలేదు. రెండుసార్లు పడబోయింది. కొంతదూరం పోయినాక ఆగి, వెనక్కి తిరిగి చూసింది. బండిని కాదు. జేజిని.

నేను జేజి చెయ్యి పట్టుకున్నాను. "జేజీ" అన్నాను. అంతకన్నా ఏం అడగాలో తెలియలేదు.

జేజి ఇసకలో దిగబడిన చక్రాన్ని చూసింది. అమ్మను చూసింది. ఆపైన లేచి నిలబడి, కల్లం దగ్గర కాకుల్ని తోలే గొంతుతో అరిచింది.

"బండి ఈడ నిలబడిపోయింది! నువ్వాడుండావు! ఆడ మన ఊరు గాదు మే! ఎక్కు!"

ఆ గాలిలో అమ్మ దాకా సగం మాటలే చేరుంటాయి. ఆ సగమే చాలింది. అమ్మ నాట్లప్పుడు మడిలోకి దిగే ఆడవాళ్ళలాగా చీర కుచ్చెళ్ళు వెనక్కి దోపుకుంది. జూలు పట్టుకుని ఒక్క ఊపున ఎక్కేసింది.

మొదట నిదానంగానే పోయింది. ఒళ్ళు గుర్తు తెచ్చుకుంటున్నట్టు నడుము అటూ ఇటూ సర్దుకుంది. తడి ఇసక మీదికి వచ్చాక మడమతో తట్టింది. ఇక చూడాలి! అల వచ్చి కాళ్ళను తాకినా గుర్రం బెదరలేదు. నీళ్ళు ఇద్దరి మీదా చింది పడుతుంటే అమ్మ నవ్వు మా దాకా వినిపించింది. ఆమె మా అమ్మేనా అని నాకు అనుమానం వచ్చింది. శానా గర్వంగా అనిపించింది, ఈమె ఇట్లాగే పోయి తిరిగి రాదేమోనని కొంచెం బెంగగా కూడా అనిపించింది. రోజూ నాకు జడ వేసే మనిషి లోపల ఇంత మనిషి ఉందని నాకెవరూ చెప్పలేదు.

నాయన కాలికి పసుపు పట్టు వేయించుకుంటా, "నాకన్నా బాగా తోలుతాండాది" అన్నాడు.

"నోరు మూసుకోరా. నీళ్ళలో పడినోడివి నువ్వే గదా" అంది జేజి. కానీ చూపు తిప్పలేదు.

మర్నాడు జేజి స్నానం జరిగింది. ఒక చెయ్యి అమ్మ, ఒక చెయ్యి చిన్నాయన పట్టుకున్నారు. మూడు మునకలు వేసి, నోట్లోకి పోయిన నీళ్ళు ఊసి, "ఇన్ని నీళ్ళిచ్చినోడు ఇంత ఉప్పెందుకేసినాడో సామి" అని ఆకాశం వైపు చూసి నిష్ఠూరమాడింది. ఆపైన బండెడు పుణ్యం వచ్చినట్టు ఒడ్డున కూర్చుని ఆకు వక్క వేసుకుంది.

నాయన కాలు తగ్గేదాకా అక్కడే ఉన్నాము. అంత సుఖమైన రోజులు నా చిన్నతనంలో మళ్ళీ లేవు. రోజూ పొద్దున్నే అమ్మ గుర్రమెక్కేది. ఒకరోజు నన్ను ముందర కూర్చోబెట్టుకునేది, ఒకరోజు తమ్ముణ్ణి. ఎర్ర ఎండ్రకాయలు మా ముందర ఇసకలో బొక్కల్లోకి దూరేవి. చేపలు పట్టే పల్లెకారుల పిల్లలు గుర్రం వెంట అరుస్తా పరిగెత్తేవాళ్ళు. చిన్నాయన కూడా చివరికి ఆశపడి ఎక్కాడు. గుర్రం ఆయన్ను సముద్రం వైపు పోనివ్వకుండా, నేరుగా దొరువు దగ్గరికి తీసుకుపోయి, తాను తాగి, తిరిగి తీసుకొచ్చింది. ఆయన దాన్ని సవారీ అన్నాడు. మేమూ కాదనలేదు. జేజి మాత్రం ఒకే ఒక్క షరతు పెట్టింది: బండిని ఎవరూ అంగుళం కదిలించకూడదు.

తిరుగు ప్రయాణంలో చిక్కొచ్చింది. నాయన కాలు వేలాడదీస్తే నొప్పి, కాబట్టి ఆయన బండిలో చేరాడు. గుర్రం మీద ఎవరు? జేజి ఆలోచించి తీర్పు చెప్పింది. "నువ్వెక్కి ముందర పో మే. బండికి అందద్దు. బండి నీ దగ్గరికొచ్చిందంటే ఊరు వచ్చినట్టే."

ఇంకేం కావాలి! వెలికొండల దాకా, వెలికొండలు దాటి కూడా, ఆ ఆటే. అమ్మ దూరంగా పోయి చెట్టు కింద ఆగేది. ఎద్దుల గంటలు వినిపించేసరికి "ఊరొస్తాండాది, ఊరొస్తాండాది!" అని మేము బండిలోంచి అరిచేవాళ్ళం. అమ్మ నవ్వుతా గుర్రాన్ని దౌడు తీయించేది. దారిన పోయేవాళ్ళు ఈ ఆడమనిషి ఎవర్ని తప్పించుకుని పారిపోతోందో తెలియక మా వైపు అనుమానంగా చూసేవాళ్ళు. ఒక పెద్దాయన కర్ర ఎత్తి బండికి అడ్డం నిలబడ్డాడు కూడా. "ఆయమ్మను ఏం చేసినారప్పా?" అని గద్దించాడు. "మా కోడలే సామీ. మేం తరుముకోలేదు. మా ఊరు తరుముకుంటాండాది" అంది జేజి. ఆయనకేం అర్థమయిందో ఏమో, దారి వదిలాడు.

మా పొలాలు కనిపించేసరికి ఆట ఆగిపోయింది. అమ్మ పొలిమేర రాయి దగ్గర గుర్రం దిగి నిలబడి ఉంది. చీర మామూలుగా సర్దుకుంది. కొంగు తల మీదికి లాక్కుంది. కళ్ళెం చేత పట్టుకుని, బండి రాగానే చిన్నాయనకు అందివ్వబోయింది. ఆమె మొహంలో విచారమేమీ కనబడలేదు. అందుకే నాకు దుఃఖం వచ్చింది. సముద్రం దగ్గర చూసిన మనిషి మళ్ళీ లోపలికి పోయి తలుపేసుకుంటోంది.

"బండి ఆపు" అంది జేజి.

చిన్నాయన ఆపాడు. ఎద్దుల ముందుకాళ్ళు రాయికి ఇవతలే ఉన్నాయి. జేజి బండిలోంచి వంగి ఆ రాయిని చూసింది, ఊరిని చూసింది. సాయంకాలం పొయ్యిల పొగ లేస్తోంది. మా వీధి అరుగుల మీద జనం కూర్చునే వేళ.

"ఎద్దులిప్పు" అంది.

"ఇదేంది మా, ఇల్లు కనపడతాంటే" అన్నాడు నాయన.

"నువ్వు కూచోరా. మన బండి యాడుంటే ఆడే మన ఊరని చెప్పినానా లేదా? బండి రాయి దాటలేదు. మన ఊరు ఈన్నే ఉండాది." అమ్మ వైపు తిరిగింది. "ఆ కనపడే ఇండ్లు ఎవురివో నాకు తెలీదు మే. పో. ఇల్లు చేరినాక దీపం పెట్టు. అది చూసి మేమొస్తాం."

అమ్మ కదల్లేదు. "అత్తా, ఊరు..." అంది.

"ఊరు ఈడుంటే ఆడెవురు నవ్వేది? పోతావా, మీ చెల్లెలిని నేనెక్కాల్నా?"

అమ్మ ఎక్కింది. తల వంచుకునే రాయి దాటింది. కొంతదూరం పోయాక తల ఎత్తింది. మా వీధి మొదట్లో అరుగుల మీది మనుషులు ఒక్కొక్కరే లేచి నిలబడటం నాకు కనిపించింది. గుర్రం పరిగెత్తలేదు. పెండ్లి ఊరేగింపులాగా, వీధి మధ్యన, నిమ్మళంగా నడిచింది. గాలికి అమ్మ కొంగు తల మీదినుంచి జారి భుజం మీద పడింది. అమ్మ దాన్ని సర్దుకోలేదు.

జేజి రోట్లో ఆకు వక్క దంచుకుంటా అడిగింది. "కొంగు తల మీదనే ఉండాదా పాపా?"

"ఉండాది జేజీ" అన్నాను.

"అబద్దాలాడద్దు" అంది జేజి. "నాకు బాగానే కనపడతాండాది."

ఆ మాట అని, మళ్ళీ దంచుకోవడం మొదలుపెట్టింది. మా ఇంట్లో దీపం వెలిగేదాకా బండిని కదలనివ్వలేదు.